గడపకు పసుపు రంగు

పూర్ణయ్యగారు శిష్యుల ప్రశ్నలకు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ఏదో ఒక పని పురమాయించేవారు. చివరికి ఆ పని అడిగినవాడి మెడకే చుట్టుకునేది.

కొండ దిగువన కట్టిన కొత్త ఆశ్రమానికి పెద్దగా తన శిష్యుడు చిదంబరాన్ని పంపాలని నిర్ణయమైంది. శనివారం ప్రయాణం. సోమవారం నాడు అతను గురువుగారి దగ్గర కూర్చుని, “ఎదుటివాడిలో చెడు బయటపడకముందే కనిపెట్టడం ఎలాగండీ?” అని అడిగాడు. గొంతులో పెద్దరికం అప్పుడే వచ్చేసింది.

“తూర్పు వాకిలి తలుపు బిగుసుకుపోతోంది. వడ్రంగిని పిలిచి ముందు అది చూడు,” అన్నారు గురువుగారు.

వానాకాలం తలుపు బిగుసుకోవడం ఏం వింత! అంచు కాస్త చిత్రిక పడితే సరిపోతుందనుకున్నాడు చిదంబరం. వడ్రంగి కోటాచారి మాత్రం తలుపు సంగతి పక్కనబెట్టి, గడప మీద ఉలి ఆనించాడు. సుత్తితో పని లేకుండానే ఉలి పిడిదాకా దిగిపోయింది. పసుపు రంగు పెచ్చులా లేచి, కింద నల్లబడిన చెక్క తడిపిండిలా రాలింది. ద్వారబంధం కాళ్లు రెండూ మూరెడు ఎత్తుదాకా అంతే. చూరునీళ్లు రంగు పగుళ్లలోంచి దిగి, ఆరే దారి లేక లోపలే ఉండిపోయాయి.

“ఇంకో పెద్ద వాన పడితే ఈ తలుపు ఎవరి మీదో పడేదండీ. గడపకి పెయింటు పూసిన మహానుభావుడెవరో గానీ!” అన్నాడు కోటాచారి.

“ఈసారి వానలు ఎక్కువయ్యాయి,” అన్నాడు చిదంబరం. ఆ మాట తనకే రోత పుట్టించింది. శుక్రవారం శుక్రవారం గడపకు పసుపు రాసే వంతు అతనిదే. మూడేళ్ల క్రితం, ఆ వంగడం తప్పించుకోవడానికి డబ్బా రంగు తెచ్చి రెండు పూతలు వేసేశాడు. మీ గడప ఎప్పుడు చూసినా కళకళలాడుతుందని వచ్చినవాళ్లు మెచ్చుకుంటే నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు గుర్తొచ్చి ఇప్పుడు తలెత్తలేకపోయాడు. పుచ్చిన ముక్క పట్టుకుని గురువుగారి దగ్గరకు వెళ్లి, సిగ్గుతో చచ్చిపోతూ, “రంగు వేసింది నేనేనండీ,” అన్నాడు.

మూడు రోజులు చిదంబరం కోటాచారి పక్కనే ఉండి పని చేశాడు. పుచ్చినంత మేర కోసి కొత్త చెక్క అతికారు. చూరుకు రేకు కాలువ కట్టారు. కొత్త గడప దించారు. శుక్రవారం పొద్దున్నే చిదంబరం పసుపు గిన్నెతో వంగి, ఈ చివర నుంచి ఆ చివరదాకా అరచెయ్యి ఆనించి రాశాడు.

“ఆ పెద్దరికానికి నేను తగనండీ,” అన్నాడు వాకిట్లోకి వచ్చిన గురువుగారితో, తల వంచుకునే.

“రంగు ఎప్పుడూ బాగానే ఉంది నాయనా. నువ్వు చెయ్యి పెట్టకే మూడేళ్లయింది. పెట్టి ఉంటే లోపలి పుచ్చు నీ వేళ్లకే తెలిసేది,” అన్నారు పూర్ణయ్యగారు. “వెళ్లు. అక్కడా గడప ఉంది.”