వాసనమ్మ గది

ఒకప్పుడు ఏ తలలో చూసినా పెద్ద గది వాసనమ్మదే. చేప తలలో, ఏనుగు తలలో, కుక్క తలలో, ఆఖరికి మనిషి తలలో కూడా. చూపూ వినికిడీ వసారాలో సర్దుకునేవి.

అంతలో మనిషి రెండు కాళ్ల మీద లేచి నిలబడ్డాడు. ముక్కు నేలకి దూరమైంది. కళ్లకి మాత్రం కొండ దాకా కనబడసాగింది. ఇంకేముంది, చూపయ్యకి సామాను పెరిగిపోయింది. రంగులు, మొహాలు, చుక్కలు. రోజుకో మూట మోసుకొచ్చి, కాస్త జరగవే అక్కా అనేవాడు. పాపం, జరిగింది. తర్వాత మాట దిగింది, నోరు మూయని చుట్టాలందరినీ వెంటేసుకుని. మళ్లీ జరిగింది. ఒకరోజు అలా బయటికెళ్లి వచ్చేసరికి ఆవిడ మంచం మెట్ల కింద వేసి ఉంది.

వాసనమ్మకి ఒళ్లు మండిపోయింది. వెళ్లి మనిషినే నిలదీసింది. ఆయన తాపీగా పుల్లతో పళ్లు కుట్టుకుంటూ, పండు పండిందో లేదో చూపే చెబుతోంది కదా, ఇక నీతో పనేముందన్నాడు.

"మీరెవరూ పుట్టకముందు నుంచీ ఉన్నదాన్ని. నన్ను మెట్ల కింద పడుకోబెడతారా?"

పక్క చుట్టి చంకన పెట్టుకుని కుక్క తలలో ఉన్న తన గదికి వెళ్లిపోయింది. కుక్క తోక ఊడిపోయేలా ఊపి, చూపుని ఇంకాస్త మూలకి నెట్టి మరీ చోటిచ్చింది.

ఆ పూట మనిషికి చారు వేడినీళ్లలా ఉంది. మర్నాడు పాచిపోయిన కూర తెలియక తిని కడుపు పట్టుకున్నాడు. అయినా బింకం వదిలితేనా.

కానీ ఇంట్లో పసిపిల్ల ఉంది. పుట్టి వారం కూడా కాలేదు, చూపింకా ఆనదు. ఇప్పుడు వాసనా లేదు. ఎత్తుకున్నది అమ్మో, ఎవరో తెలియక పాలు తాగడం మానేసింది.

తల్లి నీలవేణి పిల్లని భుజాన వేసుకుని కుక్క దగ్గరికి పరిగెత్తింది.

"అత్తా, నీ కోపం ఆయన మీద. పిల్ల మీద కాదుగా."

ఏడ్చి ఏడ్చి పిల్ల గొంతు బొంగురుపోయింది.

"సరే, మెట్ల కిందే ఉంటాను," అంది వాసనమ్మ చివరికి. "కానీ నా గదిలోంచి జ్ఞాపకాల గదిలోకి నేరుగా తలుపు పెట్టాలి. చూపైనా, మాటైనా గుమ్మం దగ్గర కాపలావాడిని అడిగి లోపలికి రావాలి. నేను ఎవర్నీ అడగను."

నీలవేణి వెనకే వచ్చిన మొగుడి వైపు చూసింది. ఆయన బింకం వదిలి గునపం అందుకున్నాడు. ఆ పూటే గోడ కొట్టి తలుపు పెట్టారు. పిల్ల ఒక్కసారి ముక్కు ఎగబీల్చి, అమ్మ గుండెల్లో తల దూర్చింది.

అప్పటినుంచే కుక్క మన మొహం చూడకముందే కాళ్లు వాసన చూస్తుంది. వాసనమ్మని సరిగ్గా చూసుకుంటున్నామా లేదా అని తనిఖీ అన్నమాట. అప్పటినుంచే మనకి పక్కింటాయన పేరు ఎంత తన్నుకున్నా గుర్తురాదు గానీ, అమ్మ ఊళ్లో లేని రోజున ఆమె చీర కొంగు ముక్కుకి తగిలితే చాలు, తలుపు కొట్టకుండానే అమ్మ వచ్చి పక్కన కూర్చుంటుంది.