తొట్టిలో మూడో ముక్క

కాకులకోటలో రాజుగారి వేటకుక్కలకు ఎండుమేత తయారుచేయడానికి మూడు పొయ్యిలుండేవి. మాంసం ముక్కలు, గుమ్మడి ముక్కలు, జొన్నపిండి ముక్కలు వేరువేరుగా కాలి, వాలు పలకల మీదుగా జారి ఒకే తొట్టిలో పడేవి. అక్కడ సింగారమ్మ తెడ్డుతో కలిపేది. పిండి పంపే అధికారి విరూపాక్షుడు ఆచారం ప్రకారం రోజూ రుచి చూసేవాడు. పైనున్న మాంసం ముక్కొకటి ఏరుకుని నమిలి, "దివ్యంగా ఉంది" అనేవాడు.

కుక్కలు మాత్రం చిక్కి శల్యమయ్యాయి. రాజుగారు ప్రాణంగా చూసుకునే ఆడకుక్క గౌరి చచ్చిపోయింది.

"కలిపేటప్పుడు ఈ సింగారమ్మ మాంసం కాజేస్తోంది ప్రభూ" అన్నాడు విరూపాక్షుడు. సింగారమ్మ చేతులు నరకమన్నారు రాజుగారు.

గౌరిని ఆ చేతులతోనే పూడ్చి వచ్చింది సింగారమ్మ. వాటినే రాజుగారి ముందు చాచింది.

"నరకండి ప్రభూ. ముందు ఒక్క పూట ఆచారం తిరగేయండి. కుక్క రుచి చూశాక, అది వదిలేసింది విరూపాక్ష దొరగారు తింటారు."

రాజుగారు సరేనన్నారు. వదిలిన కుక్క మాంసం, గుమ్మడి ఏరుకుతిని జొన్న ముక్కలు ముట్టలేదు. రాజుగారు అవి గుప్పెడు తీసి విరూపాక్షుడి చేతిలో పోశారు.

"తిను. జొన్నలేగా?"

ఒకటి నోట్లో పెట్టుకున్నాడు. మింగలేక ఉమ్మేసి, కాళ్ల మీద పడ్డాడు. రాజుగారు ఇంకో ముక్క చిదిమితే వేళ్లకు సుద్దమట్టి అంటింది.

"మరి గౌరి ఎందుకు తిన్నదే?" అన్నారాయన.

"అది కడుపుతో ఉంది కదా ప్రభూ. దొరగారిలా ఏరుకుని తినే ఆకలి కాదు దానిది."