ఉడత ఇంట్లో బుల్లి సాలీడు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక ఇప్పచెట్టు, ఆ చెట్టుకి ఒక తొర్ర. ఆ తొర్రలో ఒక తల్లి ఉడత ఇద్దరు పిల్లలతో కాపురం ఉండేది. ఇరుగుపొరుగు ఆమెను చారలక్క అనేవాళ్లు.

ఒకనాడు గాలివాన వచ్చింది. వాన వెలిశాక చూస్తే తొర్ర మూలలో ఏదో ఉంది. కందిగింజంత ఉంది. ఒళ్లంతా నూగు. ఎనిమిది కాళ్లు, ఎనిమిది కళ్లు, వీపు మీద తెల్ల చారలు.

పిల్లలు తల్లి వెనక దాక్కున్నారు. చారలక్క దాన్ని తోకతో బయటికి ఊడ్చేయబోయింది. అది తలెత్తి చూసింది. చలికి వణుకుతోంది. అన్ని కళ్లతో ఒకేసారి చూస్తే ఎవరు మాత్రం ఊడ్చేస్తారు?

చారలున్నాయి కదా, మనవైపు వాళ్లే అయ్యుంటారని చారలక్క పిల్లలకు చెప్పింది. బుల్లిది ఏదో చెప్పబోయింది.

"మాటలు తర్వాత. ముందు తిను," అంది చారలక్క. ఒక గింజ ఒలిచి ముందు పెట్టింది.

గింజ దానికన్నా పెద్దది. అది గింజ చుట్టూ తిరిగింది. ఎక్కి కూర్చుంది. దిగింది. తినలేదు.

మర్నాడు చీమ వదినకు కబురు వెళ్లింది. ఆవిడ వచ్చి కాళ్లు లెక్కపెట్టింది. నమ్మకం లేక మళ్లీ లెక్కపెట్టింది. ఇది చీమేనని, పుట్టుకతో రెండు కాళ్లు ఎక్కువ వచ్చాయని తేల్చేసింది. తమ ఇళ్లలో నీరసానికి తీపే మందంది.

చారలక్క ఇప్పపువ్వు నలిపి రసం తీసింది. "అత్తా, నేను..." అని బుల్లిది నోరు తెరిచింది. ఆ నోటికే రసం పూసేసింది. దాని ముందుకాళ్లు రెండూ అతుక్కుపోయాయి. అవి విడదీసుకునేసరికి పొద్దు వాలింది. మిగిలిన రసం చీమ వదినే తాగి వెళ్లింది.

ఆ మర్నాటికి బుల్లిదాని పొట్ట లోపలికి పోయింది. ఈసారి కాకి బావ వచ్చాడు. అడవంతా తిరిగినవాడు. తల వంచి ఒక కంటితో చూశాడు, తిప్పి రెండో కంటితో చూశాడు.

"సాలీడు. మరి గూడేదీ? సాలీడై పుట్టి గూడు అల్లట్లేదంటే జబ్బే. జబ్బు పడ్డవాళ్ల మీద ఈగ వాలకూడదు. విసురుతూ ఉండు," అన్నాడు.

చారలక్క పక్కనే కూర్చుని తోకతో విసిరింది. తను తినడం మానేసి విసిరింది. ఒక్క ఈగనీ దగ్గరికి రానివ్వలేదు. ఈగ చప్పుడు వినబడితే చాలు, బుల్లిది లేవబోయేది. లేవకు తల్లీ, పడుకో అని చారలక్క జోకొట్టేది.

కాసేపటికి ఈగ వచ్చినా బుల్లిది లేవలేదు. కాళ్లు ఒక్కొక్కటే లోపలికి ముడుచుకుంటున్నాయి.

చారలక్క కంగారు పడింది. వదిన చెప్పింది చేసింది. బావ చెప్పింది చేసింది. ఇంకెవర్ని అడగాలి? అడగాల్సిన వాళ్లు ఎదురుగానే ఉన్నారని అప్పుడు తట్టింది. వంగి, తన చెవి దాని నోటి దగ్గర పెట్టింది.

"నీకేం కావాలే?"

"ఈగ," అంది బుల్లిది.

చారలక్క తోక గాలిలోనే ఆగిపోయింది. మరుక్షణం పిల్లలిద్దర్నీ వెనక్కి లాక్కుంది. ప్రాణమున్నవాటిని తినేదాన్నా ఇన్నాళ్లూ ఇంట్లో పెట్టుకుంది?

"నేను గూడు అల్లే రకం కాదత్తా. దూకి పట్టుకునే రకం. భయపడకు. నా నోట్లో మీవాళ్ల తోక వెంట్రుక కూడా పట్టదు," అంది బుల్లిది. అంతకన్నా మాట్లాడే ఓపిక దానికి లేదు.

చారలక్క పిల్లల్ని చూసింది. ముడుచుకున్న ఆ కాళ్లను చూసింది. తోకను మెల్లగా కింద పెట్టింది.

ఒక ఈగ వచ్చి వాలింది. బుల్లిది దూకింది. అందలేదు. బోర్లా పడింది. చారలక్క లేపబోయి, తనను తాను ఆపుకుంది. ఈగ ఒక చుట్టు తిరిగి మళ్లీ వాలింది. ఈసారి ఈగ ఎగరలేదు.

బుల్లిది కడుపునిండా తింది. తర్వాత కాళ్లు చాపుకుంది, మూతి తుడుచుకుంది, ఒక్క గెంతు గెంతి పెద్ద పిల్లాడి నెత్తి మీద కూర్చుంది. వాడికి చక్కిలిగింత. వాడి చెల్లికి నవ్వు. జబ్బు మనిషికి ఎలా ఉందని కాకి బావ తొంగిచూస్తే, జబ్బు మనిషి ఆయన ముక్కు మీదికి గెంతింది.

ఆ సాయంత్రం చారలక్క పిల్లలకు నేరేడు పళ్లు తెచ్చింది. ఎప్పుడూ తెచ్చేవే. పెద్దవాడి నోట్లో పెట్టబోయి, ఆగింది.

"నీకివి ఇష్టమేనా నాన్నా?"

వాడు చాలాసేపు ఆలోచించాడు. అలా వాడిని ఎవరూ అడగలేదు మరి.

"లేదమ్మా," అన్నాడు. "ఎప్పుడూ లేదు."

నీతి: ప్రేమగా పెడితే చాలదు. వాళ్లకేం కావాలో వాళ్లనే అడగాలి. అడిగాక, చెప్పనివ్వాలి.