మెడలోని బియ్యపు గింజ

విశాఖపట్నంలోని ఒక ఆసుపత్రిలో చిదంబరరావు అనే గుండె శస్త్రవైద్యుడు ఉండేవాడు. చేతి నేర్పు గొప్పది, కానీ రోగి చెప్పేది సగంలోనే తుంచేసేవాడు.

ఒకసారి ఎల్లాజీ అనే మత్స్యకారుడు మూడోసారి ఆ ఆసుపత్రిలో చేరాడు. గుండె బలహీనపడి నాలుగడుగులు వేస్తే రొప్పేవాడు.

"బాబూ, ఆ నీరు తీసే మాత్ర ఏసుకుంటే కళ్లు..." అన్నాడు.

"ఆయాసమేగా! మోతాదు పెంచుతాను," అని డాక్టరు వెళ్లిపోయాడు.

రెండో రోజు ఎల్లాజీ మంచం దిగుతూనే కళ్లు తిరిగి పడిపోయాడు. నుదురు చిట్లింది. కుట్లు వేస్తుంటే చిదంబరరావు వచ్చాడు.

"నన్ను ఇంటికంపేయండి బాబూ," అన్నాడు ఎల్లాజీ. "సచ్చిపోయినా, నా మాట ఇనే మా ఆడమనిసి దగ్గరే పోతాను."

డాక్టరు ముఖం పాలిపోయింది. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "తప్పు నాదే ఎల్లాజీ. చెప్పు, మధ్యలో ఆపను."

"కూకున్నా ఊపిరి ఉరుకుతాది బాబూ. గాలి సాల్లేదని లోపలెవరో అరుస్తున్నట్టుంటాది. ఆక్సిజన్ పెడితే మాత్రం ఆ అరుపు ఆగుతాది."

చిదంబరరావు ఉలిక్కిపడ్డాడు. మెడకు రెండు పక్కలా, పెద్ద రక్తనాళం చీలేచోట, బియ్యపు గింజంత అవయవం ఒక్కోటి ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే అదే మెదడుకు కబురు పంపుతుంది. గుండె జబ్బు ఉన్న కొందరిలో అది అవసరం లేకపోయినా కబుర్లు పంపుతూ, ఊపిరినీ, అలసిన గుండెనూ ఇంకా పరుగెత్తిస్తుంది. పరీక్షలు చేస్తే ఎల్లాజీకి జరుగుతున్నదీ అదేనని తేలింది.

ఆ సంగతంతా ఎల్లాజీకి వివరించి, "ఆ గింజను తీసి చూడొచ్చు," అన్నాడు డాక్టరు. "ఇది ఇంకా ప్రయోగదశలోనే ఉంది. నయమవుతుందని మాట ఇవ్వలేను. ప్రాణాపాయమూ ఉంది. రెండూ తీసేస్తే ఆక్సిజన్ తగ్గినా ఒంటికి సరిగా తెలియదు, అందుకని ఒకవైపే తీస్తాం."

ఎల్లాజీ, అతని భార్య నూకాలు అడగాల్సినవన్నీ అడిగారు. డాక్టరు విసుక్కోకుండా జవాబు చెప్పాడు. చివరికి ఎల్లాజీ, "కానీండి బాబూ," అన్నాడు.

ఇలాంటి ప్రయోగాలను పరిశీలించే ఆసుపత్రి సంఘం అనుమతి వచ్చాక ఆపరేషన్ జరిగింది. చిదంబరరావు రక్తనాళానికి గీత పడకుండా ఆ గింజను వేరుచేశాడు. నాలుగో రోజు పొద్దున నూకాలు మొగుడి పక్కన కూర్చుని, అతని ఛాతీ మెల్లగా లేచి పడడం చూసి కళ్లు తుడుచుకుంది.

గుండె కొత్తదైపోలేదు. మందులు మానలేదు. అయినా మూడు నెలలకు ఎల్లాజీ ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకోసాగాడు. ఒక సాయంత్రం పడవల దాకా ఆగకుండా నడిచివెళ్లి, అక్కడివాళ్లను పేరుపేరునా పిలిచి పలకరించాడు.

ఎంత నేర్పున్న చెయ్యి అయినా, ఎదుటివారి మాట చివరిదాకా విన్నప్పుడే వారి బాధను సరిగ్గా తాకగలుగుతుంది.