ఢిల్లీ మీదుగా నాగపూర్

హైమవతి నాగపూర్ చేరేసరికి ఆసుపత్రి వాళ్ళు మీటింగు ముగించుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు. హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్ళే విమానం ఉండగా ఆమె ఢిల్లీ మీదుగా వెళ్ళింది. ఢిల్లీలో రెండో విమానం తప్పిపోయింది.

ఒక విమాన సంస్థ ఇచ్చిన గోల్డ్ కార్డు ఉందామెకి. వాళ్ళ విమానాలే ఎక్కుతూ పాయింట్లు పోగేస్తేనే అది నిలుస్తుంది; నాగపూర్‌కి వాళ్ళ విమానాలు ఢిల్లీ మీదుగానే వెళ్తాయి. టికెట్టు ఖర్చు ఆమె పనిచేసే కంపెనీది, పాయింట్లు ఆమెవి.

పటాన్‌చెరులో ఆ కంపెనీ ఆసుపత్రి మంచాలు తయారుచేస్తుంది. నాగపూర్ ఆసుపత్రి ఇవ్వాల్సిన ఈ ఆర్డరు పోతే ఫ్యాక్టరీలో ఒక షిఫ్టు ఎత్తేస్తారు. బతిమాలగా బతిమాలగా ఆసుపత్రి వాళ్ళు బుధవారం మరొక్కసారి రమ్మన్నారు.

ఆదివారం ఎండలో పడి కీసర దగ్గర ఆశ్రమానికి వెళ్ళి, గురువు సుభద్రమ్మగారి ముందు ఇదంతా వెళ్ళగక్కింది.

"బుధవారం ఎట్లా వెళ్తున్నావు?"

"ఢిల్లీ మీదుగానే అమ్మా."

"మళ్ళీనా?"

"ఇంకొక్క ప్రయాణం చేస్తే కార్డు నిలబడుతుంది. మీకు తెలీదమ్మా, గేటు దగ్గర అందరికంటే ముందు పేరు పెట్టి పిలుస్తారు. సూటు వేసుకున్న మగాళ్ళు కూడా పక్కకి జరుగుతారు." హైమవతి దగ్గింది. "గొంతెండిపోతోంది, కాసిని మంచినీళ్ళు ఇప్పించండి."

నీళ్ళ కూజా సుభద్రమ్మగారి మోచేతి పక్కనే ఉంది. గురువు కూజాని శిష్యులు ముట్టుకోవడం అక్కడ ఆనవాయితీ కాదు.

సుభద్రమ్మగారు గ్లాసు తీసుకుని, మోకాళ్ళు పట్టుకుని లేచి, మెట్లు దిగి, ఇల్లంతా చుట్టి వెనకున్న వంటశాలకి బయల్దేరారు. దారిలో చదువుకుంటున్న శిష్యులు గబగబా లేచి చేతులు జోడించారు. ఆవిడ ప్రతి ఒక్కరి దగ్గరా ఆగి, తీరిగ్గా నమస్కారం అందుకున్నారు.

ఇక్కడ హైమవతి నాలుక పిడచకట్టుకుపోయింది. ఆవిడ తిరిగొచ్చేసరికి ఒళ్ళు మండింది కూడా.

"కూజా ఇక్కడే ఉంది కదమ్మా! అంత చుట్టూ తిరగడం దేనికి?"

"ఇక్కణ్ణుంచి ఇస్తే నాకెవరు లేచి నిలబడతారే?" అన్నారు సుభద్రమ్మగారు, గ్లాసు చేతికిస్తూ. "దాహం నీది. దండాలు నావి."

హైమవతి నీళ్ళు తాగింది.

ఆశ్రమం గేటు దాటకముందే ఢిల్లీ టికెట్టు రద్దు చేసి, నేరుగా వెళ్ళే విమానంలో చివరి వరసలో మధ్య సీటు తీసుకుంది. బుధవారం ఆసుపత్రి తలుపులు తెరిచేసరికి అక్కడుంది.

మార్చిలో కార్డు పోయింది. పోనిచ్చింది. ఆ తర్వాత ఏ ఊరు వెళ్ళాల్సి వచ్చినా, అక్కడివాళ్ళు ఎన్నింటికి ఎదురుచూస్తారో కనుక్కున్నాకే టికెట్టు కొంది.