దయామణి చెప్పిన ధైర్యం

చింతలంక ఆసుపత్రి ఆడవాళ్ళ వార్డులో దయామణి అనే నర్సు ఉండేది; ఎంత చేదు నిజమైనా రోగి ముందు తీపి అబద్ధం చేసి చెప్పేయడం ఆమె అలవాటు. అది లోపమని ఆమెకు తెలియదు. ఆమెను చూసి మురిసిపోయే రోగులకూ తెలియదు.

పనిలో ఆమెను వేలెత్తి చూపడానికి లేదు. సూది గుచ్చితే చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. పుండు కడుగుతున్నా, పక్కబట్టలు మారుస్తున్నా ముఖం చిట్లించేది కాదు. పైగా నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు మాట్లాడేది. "నాకు తగ్గుతుందా అమ్మా?" అని ఎవరైనా అడిగితే, ఆ మాట పూర్తి కాకముందే "మీకేం కాదు, నాలుగు రోజుల్లో లేచి తిరుగుతారు" అనేది. జ్వరంతో వచ్చినవాళ్ళకూ అదే మాట, జబ్బు ముదిరి వచ్చినవాళ్ళకూ అదే మాట. జ్వరంవాళ్ళు నిజంగానే లేచి తిరిగారు కాబట్టి ఆమె మాటకు మంచి పేరొచ్చింది. లేవనివాళ్ళు మళ్ళీ వచ్చి అడగరు కదా.

హెడ్ నర్సు సామ్రాజ్యంగారు మాత్రం ఇదంతా గమనిస్తూనే ఉండేది. ఆవిడ ముప్పై ఏళ్ళ సర్వీసు మనిషి, పొగడడం తెలియదు. ఒకరోజు దయామణిని పక్కకు పిలిచి, "చూడమ్మాయ్, నాకేమవుతుందని రోగి అడిగితే జవాబు చెప్పడానికి తొందరపడకు. ముందు స్టూలు లాక్కుని కూర్చో. ఎందుకడుగుతున్నారో కనుక్కో. నీకు తెలియకపోతే తెలియదను. తెలిస్తే డాక్టరుగారితో చెప్పించు. ధైర్యం చెప్పు గానీ హామీలు ఇవ్వకు" అన్నది.

దయామణి నవ్వేసింది. "ఒక్కొక్కరి దగ్గరా స్టూలేసుకుని కూర్చుంటే ఇరవై మంచాలు ఎవరు చూస్తారండీ? ఒక్క మంచి మాటకు వాళ్ళ ముఖం ఎలా వికసిస్తుందో మీరే చూస్తున్నారుగా" అన్నది.

"చూస్తున్నాను కాబట్టే చెబుతున్నాను" అని ఆవిడ తన రిజిస్టరు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ ఏడు శ్రావణమాసంలో రాఘవమ్మ అనే ముసలావిడను తెచ్చి ఆ వార్డులో చేర్చారు. లేసు అల్లి బతికిన మనిషి. కళ్ళు పసుపు రంగుకు తిరిగాయి, పొట్టకు నీరు పట్టింది, చేతులు చీపురుపుల్లలయ్యాయి. డాక్టరుగారు పరీక్షలన్నీ చేయించి, ఆమె కూతురు అనసూయను వరండాలోకి పిలిచారు. "కాలేయంలో గడ్డ ముదిరిపోయింది. రెండు వారాలు, మహా అయితే మూడు. నొప్పి తెలియకుండా చూసుకుంటాం, అంతకు మించి మా చేతుల్లో లేదమ్మా" అన్నారు. మందుల ట్రే పట్టుకుని పక్కనే నిలబడ్డ దయామణి అంతా విన్నది.

అనసూయ కొంగుతో నోరు మూసుకుని ఏడ్చింది. తర్వాత దయామణి చెయ్యి పట్టుకుని, "అమ్మకు చెప్పకండి నర్సమ్మగారూ, బెంగపెట్టుకుంటుంది" అన్నది.

"నేనెందుకు చెబుతానమ్మా, మీరు నిశ్చింతగా ఉండండి" అన్నది దయామణి. ఆ పని ఆమెకు కొత్త కాదు.

రెండు రోజులు గడిచాయి. ఒక ఉదయం దయామణి రాఘవమ్మకు ఒళ్ళు తుడిచి, దిండుకు ఆనించి కూర్చోబెట్టి, చిక్కుపడ్డ జుట్టు దువ్వుతున్నది. అనసూయ ఇంటికి వెళ్ళింది. రాఘవమ్మ ఉన్నట్టుండి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"అమ్మాయ్, నువ్వు మంచిదానివి. నాకు నిజం చెప్పు. నేనిక లేచి తిరుగుతానా? చావంటే నాకు భయం లేదు. కానీ నాకొక పని మిగిలిపోయింది."

"ఏం పని మామ్మగారూ?"

"నాకొక చెల్లెలుంది, మంగ. రేవు దాటితే గట్టులంక, అక్కడే ఉంటుంది. పిల్లలు లేరు దానికి. మా అనసూయను కన్నది నేనే గానీ చంకనేసుకుని పెంచింది అది. అనసూయ కడుపుతో ఉన్నప్పుడు సీమంతం చేశాం. ఊరంతా వచ్చింది. మంగ గాజులు తొడగబోతుంటే నేను చెయ్యి అడ్డం పెట్టి, 'నువ్వొద్దులేవే, పిల్లలున్నవాళ్ళు తొడగాలి' అన్నాను. పేరంటాళ్ళందరి ముందూ అన్నాను. అది గాజులు పళ్ళెంలో పెట్టేసి, ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయింది. పద్నాలుగేళ్ళయింది, మా మధ్య రాకపోకలు లేవు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం తల్లీ."

దయామణి దువ్వెన పక్కన పెట్టింది.

రాఘవమ్మ మళ్ళీ అన్నది: "తప్పు నాది. నేనే దాని గడపకు వెళ్ళి తప్పయిందని చెప్పాలి. అక్కననే పెద్దరికంతో దాన్ని ఇక్కడికి పిలిపించుకుని చెబితే అదేం మర్యాద? నడిచే యోగం ఉంటే నేనే వెళ్తాను. లేదంటే చెప్పు, సిగ్గు విడిచి ఇవాళే కబురు పెడతాను. కబురందితే ఆగదు, పరిగెత్తుకొస్తుంది. దాని మనసు నాకు తెలుసు. అందుకే అడుగుతున్నాను. నాకు టైముందా, లేదా?"

ఇంత స్పష్టంగా అడిగిన రోగి దయామణికి అంతవరకూ తగల్లేదు. స్టూలు కాళ్ళ దగ్గరే ఉంది. డాక్టరుగారు పక్క వార్డులోనే ఉన్నారు. సాయంత్రం అనసూయ వస్తుంది, ఆమెతో ఒక్క మాట అన్నా సరిపోయేది. కానీ ముసలావిడ కళ్ళలోకి చూస్తూ "టైము లేదు" అనడం ఆమె వల్ల కాలేదు. నోటికి అలవాటైన మాట దానంతటదే వచ్చేసింది.

"భలేవారే మామ్మగారూ, మీకేం కాదు. దసరాకి మీరే మీ కాళ్ళతో రేవు దాటి వెళ్తారు, చూస్తూ ఉండండి" అన్నది.

రాఘవమ్మ ముఖం నిజంగానే వికసించింది. "నువ్వన్నావంటే అంతే తల్లీ. అయితే కబురెందుకు, నేనే వెళ్తాను" అన్నది. దయామణి తృప్తిగా జడ అల్లి పక్క మంచానికి వెళ్ళింది.

ఆ రోజు నుంచి రాఘవమ్మ నడక నేర్చుకోవడం మొదలుపెట్టింది. రేవు మెట్లు ఎక్కాలంటే కాళ్ళలో సత్తువ ఉండాలి కదా అని వద్దన్న జావ కూడా బలవంతాన తాగేది. మంచాల కమ్మీలు పట్టుకుంటూ వార్డులో అడుగులు వేసేది. మొదటి రోజు కిటికీ దాకా, అంటే నాలుగు మంచాలు దాటింది. తర్వాత మూడే దాటగలిగింది. వారం తిరిగేసరికి రెండు మంచాలకే ఆయాసపడి కూలబడింది. ఆమె కూలబడినప్పుడల్లా దయామణి లేవదీసి, "నిన్నటికంటే మెరుగే మామ్మగారూ" అనేది. అది నిజం కాదని ఆమెకు తెలుసు. అయినా అనేది.

అనసూయకు ఇదేమీ అర్థం కాలేదు. "ఎందుకమ్మా ఈ అవస్థ, పడుకోరాదూ" అంటే రాఘవమ్మ, "నాకొక చోటికి వెళ్ళే పనుందిలే, వెళ్ళొచ్చాక చెబుతాను" అని దాటేసేది. వెళ్ళకముందే చెప్పుకోవడానికి ఆమెకు మొహం చెల్లలేదు.

శనివారం సాయంత్రం దయామణి డ్యూటీ దిగే వేళకు రాఘవమ్మ ఆమెను పిలిచింది. గొంతు బాగా సన్నబడింది.

"అమ్మాయ్, ఇవాళ మంచం కూడా దిగలేకపోయాను. నాకెందుకో అనుమానంగా ఉంది. మంగకు కబురు పెట్టేయమంటావా?"

దయామణి ఆమె దుప్పటి సర్దింది. పెట్టేయండి అంటే, వారం కింద తను చెప్పింది అబద్ధమని ఒప్పుకున్నట్టే. ఆ ముసలావిడ ముఖంలో ఆ నిరాశ చూడాల్సి వస్తుందని ఆమె భయపడింది. రోగి కోసం భయపడ్డాననుకుంది గానీ, తన కోసమే భయపడింది.

"నీరసం మామ్మగారూ, అంతే. రేపు నాకు సెలవు. సోమవారం వచ్చాక ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం" అన్నది.

"సరే తల్లీ, నువ్వొచ్చాకే" అన్నది రాఘవమ్మ.

ఆదివారం దయామణి చర్చికి వెళ్ళింది గానీ ప్రార్థన మీద మనసు నిలవలేదు. సోమవారం పొద్దున్నే వార్డుకు వచ్చి చూస్తే రాఘవమ్మకు స్పృహ లేదు. కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి, ఎవరినీ చూడడం లేదు. డాక్టరుగారు నాడి చూసి, "ఇవాళో రేపో" అన్నారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? అయినా దయామణి పట్టుకోకుండా ఉండలేకపోయింది. అనసూయ ముందు నిలబడి జరిగిందంతా చెప్పింది. అనసూయ కోపంతో అరవలేదు. "పిన్ని కోసమా అమ్మ నడిచింది?" అని మాత్రం అన్నది. కాసేపటికి, "నేను చెప్పొద్దన్నాను. కానీ ఈ సంగతి నాకైనా చెప్పాల్సింది నర్సమ్మగారూ. అమ్మ బాధపడుతుందని ఇన్నేళ్ళూ పిన్ని పేరెత్తలేదు గానీ, తెలిస్తే నేనే వెళ్ళి తీసుకొచ్చేదాన్ని" అన్నది.

తల్లిని విడిచి ఆమె కదలలేదు. దయామణి సామ్రాజ్యంగారి దగ్గర అనుమతి తీసుకుని, వేసుకున్న యూనిఫారంతోనే రేవుకు పరిగెత్తింది.

గట్టులంకలో మంగ ఇల్లు దొరకడం కష్టం కాలేదు. అరవై ఏళ్ళ సన్నటి మనిషి, వసారాలో కూర్చుని లేసు అల్లుతున్నది. "మీ అక్కగారు చింతలంక ఆసుపత్రిలో ఉన్నారమ్మా" అనగానే, ఎందుకు, ఏమిటి అని అడగలేదు. ఒడిలో దారపు ఉండ జారి వాకిట్లో దొర్లిపోతుంటే చూడలేదు. చెప్పులైనా వేసుకోకుండా బయల్దేరింది.

పడవ రేవు విడిచింది. మంగ అంచు పట్టుకుని అవతలి గట్టునే చూస్తున్నది. సగం దూరం వచ్చాక అడిగింది.

"మాట్లాడుతుందా?"

దయామణి నోట్లో పాత మాట సిద్ధంగానే ఉంది. మాట్లాడుతుందమ్మా, మీకోసమే చూస్తోంది అంటే, ఈ కాస్త దూరమైనా ఈ మనిషి ప్రాణం కుదుటపడుతుంది. ఆమె ఆ మాట మింగేసింది. పడవలో జరిగి మంగ పక్కన కూర్చున్నది.

"మాట్లాడరమ్మా. స్పృహ లేదు. మీ మాట వినబడుతుందో లేదో కూడా నేను చెప్పలేను. కానీ ఆవిడ మీతో చెప్పాలనుకున్న మాట నాకు తెలుసు."

సీమంతం సంగతి చెప్పింది. మంచాల కమ్మీలు పట్టుకుని నడిచిన సంగతి చెప్పింది. తను ఏమన్నదీ, ఎందుకన్నదీ ఏమీ దాచకుండా చెప్పింది.  మంగ కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

వార్డులోకి వచ్చాక మంగ తిన్నగా మంచం దగ్గరకు వెళ్ళి, స్టూలు లాక్కుని కూర్చుని, అక్క చెయ్యి తన ఒడిలో పెట్టుకుంది.

"అక్కా, నేను మంగను. నువ్వు రాలేవని నేనే వచ్చాను. నువ్వు నడిచావని విన్నాను. నాకు కోపం లేదే. మొదట్లో ఉండేది, తర్వాత తర్వాత అలవాటై పట్టుకుని కూర్చున్నాను. నేనైనా రావలసింది. తప్పు నాదీ ఉంది."

రాఘవమ్మ కళ్ళు అలాగే సగం తెరుచుకుని ఉన్నాయి. చెయ్యి కదల్లేదు. వేలు కూడా కదల్లేదు. కదిలిందని చెప్పుకోవడానికి వార్డులో ఎవరికీ ఏమీ కనిపించలేదు. మంగ మాత్రం ఆపకుండా చిన్ననాటి సంగతులన్నీ చెబుతూనే ఉంది. దీపాలు పెట్టే వేళకు రాఘవమ్మ ఊపిరి ఆగిపోయింది.

అనసూయ ఏడుస్తూ పిన్ని ఒడిలో పడిపోయింది. దయామణి గోడకు ఆనుకుని నిలబడింది. ఎంతోమంది చావులు చూసిన మనిషే అయినా, ఆ రోజు మాత్రం దుప్పటి ముఖం మీదికి లాగడానికి ఆమెకు చేతులు రాలేదు. ఆ పని సామ్రాజ్యంగారే చేసింది. 

శవాన్ని తీసుకువెళ్ళే ముందు మంగ దయామణి దగ్గరకు వచ్చింది. దయామణి చేతులు జోడించింది.

మంగ అన్నది: "పడవలో నువ్వు అబద్ధం చెప్పి ఉంటే, అక్క మాట్లాడుతుందని ఎదురుచూస్తూ నేను నోరు మూసుకుని కూర్చునేదాన్నమ్మా. నిజం చెప్పావు కాబట్టి నేనే మాట్లాడాను. ఆ నిజమే పది రోజుల కిందట మా అక్కకు చెప్పి ఉంటే, తనూ మాట్లాడేది."

తిట్టినా బాగుండేదనిపించింది దయామణికి. మంగ తిట్టలేదు. అనసూయ భుజం పట్టుకుని మెల్లగా మెట్లు దిగిపోయింది.

ఆ తర్వాత దయామణి అదే వార్డులో చాలా ఏళ్ళు పనిచేసింది. నాకేమవుతుందని ఎవరైనా అడిగితే, ఎంత పనిలో ఉన్నా ఆగి, పక్కన కూర్చుని, "ఎందుకడుగుతున్నారు?" అనేది. కొందరు ఆమె చెప్పింది విని ఏడ్చేవారు. ఏడుపు తీరేదాకా ఆమె లేచేది కాదు. అయినా రాఘవమ్మకు చెప్పని ఆ ఒక్క నిజం బాకీ ఎన్ని నిజాలు చెప్పినా తీరలేదు.

బాధలో ఉన్నవారికి ధైర్యం చెప్పడం మంచిదే గానీ, అబద్ధంతో చెప్పిన ధైర్యం వాళ్ళకు మిగిలిన కొద్ది రోజులనూ లాగేసుకుంటుంది; అందుకే అడిగిన రోగికి పక్కన కూర్చుని, మెల్లగానైనా సరే, నిజమే చెప్పాలి.