గుచ్చే ముడి

వాగుకు ఇవతల ఊరు, అవతల కానుగ తోపు. ఆ తోపే పసిపిల్లల బడి. దానికి గోడల్లేవు, కప్పు లేదు, పలకలు కూడా లేవు. మూడేళ్ళు దాటి ఆరేళ్ళు నిండని పిల్లలంతా అక్కడే మట్టి పిసుకుతూ, గింజలు ఏరుతూ, దెబ్బలాడుకుంటూ, మధ్యాహ్నం ఒకే కుండలోని గంజి తాగుతూ పెరిగేవాళ్ళు.

ఆ బడికి ఆస్తి అంటూ ఉంటే ఒక తాడు. పొద్దున్నే పంతులమ్మ దాని ఒక కొస పట్టుకుని ముందు వాగులోకి దిగేది. గంజి కాచే ముసలమ్మ రెండో కొస పట్టుకుని వెనక నడిచేది. మధ్యలో పిల్లలు తలా ఒక ముడి పట్టుకుని దాటేవాళ్ళు. ముడి వదలకూడదు. బడిలో ఉన్న కట్టుబాటు అదొక్కటే.

ఆ తాడు ఏ ఒక్కరూ పేనింది కాదు. పిల్లను బడిలో వేసే రోజున ఆ ఇంటివాళ్ళు తమ చేత్తో మూరెడు తాడు పేని, మధ్యలో ముడి వేసి తెచ్చి పెద్ద తాడులో అతికించాలి. పిల్ల పెద్ద బడికి పోయే రోజున ఆ మూర విప్పి ఇంటికిచ్చేసేవాళ్ళు. అందుకని ఒకచోట జనుము, ఒకచోట గోగునార, ఒకచోట పాత ఎద్దు పలుపు, తాడంతా రకానికొక రంగుగా ఉండేది. చూడ్డానికి అందంగా ఏమీ ఉండేది కాదు.

ఆ ఊళ్ళో తాళ్ళాయన ఒకడున్నాడు. కొబ్బరి పీచు ఆయన చేతిలో పడితే బంగారపు తీగలా సాగేది. ఆయన పేనిన పలుపు తెంచిన ఎద్దు ఆ చుట్టుపక్కల పుట్టలేదని చెప్పుకునేవాళ్ళు. ఎక్కువగా ఆయనే చెప్పుకునేవాడు. కూతురు గున్నమ్మ బడిలో చేరినప్పుడు ఆయన తెచ్చిన మూర చూసి ఊరు ఊరంతా ఔరా అంది. పీచు కొసలు కాల్చకుండా వదిలేశాడు. కాలిస్తే ఆ పసిడి రంగు పోతుందని ఆయన బాధ.

ఆ మర్నాడే ఆ మూర పక్కన మరో మూర వచ్చి చేరింది. ఊరి చివర బొగ్గుల బట్టీ దగ్గర గుడిసె వేసుకున్న ఆడమనిషి, పరాయి ఊరిది, పాత చీర పీలికలు పేని తెచ్చింది. ఆమె కూతురు నూకాలు. బంగారపు తీగ పక్కన మసిగుడ్డ! తాళ్ళాయనకు కంట్లో నలుసు పడ్డట్టయింది. కాకిపిల్ల కాకికి ముద్దు, మధ్యలో నాకెందుకులే అని ఆ ఏడాదికి ఊరుకున్నాడు.

ఏటా వానలకు ముందు తాడు ఆయన దగ్గరకు వచ్చేది. అతుకులన్నీ లాగి చూసి, వదులైనవి బిగించి ఇచ్చేవాడు. ఈసారి తాడు వాకిట్లో పరిచి కూర్చున్నప్పుడు పొరుగూరి రైతు పలుపుల కోసం వచ్చాడు.

"ఇది నీ పనేనా?" అన్నాడు రైతు, గుడ్డ మూరను చెప్పుకాలితో కదిపి.

అంతే. ఆయన మొహం కందిపోయింది. రైతు వెళ్ళాక గుడ్డ మూరను రెండు చేతులా పట్టి లాగాడు. తెగలేదు. కాలితో అదిమి, ఒళ్ళంతా బిగించి లాగాడు. అయినా తెగలేదు. తెగనిదాన్ని కత్తి తెచ్చి కోశాడు. మిగతా తాడు కొసలు కలిపి అతుకు కనబడకుండా పేని, కోసిన ముక్కను పొయ్యిలో వేశాడు. అది పాడైపోయిందని చెబితే సరి, తాళ్ళ సంగతి నాకంటే ఎవరికి తెలుసు అనుకున్నాడు.

తొలి వానలకు వాగు ఎర్రగా, పెద్దవాళ్ళ మోకాళ్ళ పైకి పారింది. బడి తెరిచే రోజున తాడు ఆయనే భుజాన వేసుకుని ఒడ్డుకు తెచ్చాడు. నలుగురూ చూసి మెచ్చుకుంటారని అక్కడే నిలబడ్డాడు కూడా. పంతులమ్మ కొస అందుకుని నీళ్ళలోకి దిగి, "ఎవరి ముడి వాళ్ళు!" అని కేకేసింది. పిల్లలు బిలబిలా వచ్చి ముడులు పట్టుకున్నారు.

ఒక్క పిల్ల మాత్రం తాడు పొడుగునా అటూ ఇటూ పరుగెత్తుతోంది.

"నా ముడేదీ? నా ముడేదీ?"

ఆ పిల్ల గున్నమ్మ.

తాళ్ళాయనకు అర్థం కాలేదు. తన బంగారపు మూర వైపు చూశాడు. దాన్ని నూకాలు రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది.

"ఓసి దొంగపిల్లా!" అని అరిచాడు. "మా గున్న ముడి నువ్వెందుకు పట్టుకున్నావే? వదులు!"

నూకాలు వెంటనే ముడి వదిలి రెండడుగులు పక్కకు జరిగి, చేతులు వెనక్కి పెట్టుకుంది. ఆయన కూతురి చెయ్యి పట్టి తెచ్చి ఆ ముడి మీద పెట్టాడు.

"నాకొద్దు నాన్నా, గుచ్చుకుంటాది."

"మన ముడే తల్లీ. పట్టుకో, నడు."

గున్నమ్మ ఏడుస్తూ నడిచింది. వాగు నడుమకు వచ్చేసరికి తాడు తడిసి, తడిసిన పీచు బిరుసెక్కింది. అమ్మా అని పిల్ల చెయ్యి తీసేసింది. తీసిన మరుక్షణం నీళ్ళు దాన్ని పడేశాయి. తాళ్ళాయన ఎలా దూకాడో ఆయనకే తెలియదు. నాలుగు బారల దూరంలో జుట్టు దొరికింది. ఒడ్డుకు తెచ్చి బోర్లా పడుకోబెడితే నీళ్ళు కక్కి గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విని ఆయన కూడా ఏడ్చాడు.

కూతురి అరచేతులు ఎర్రగా చెక్కుకుపోయి ఉన్నాయి. పాతిక అడుగులు పట్టుకున్నందుకే అలా అయ్యాయి. ఆయన తలెత్తి నూకాలు వైపు చూశాడు. ఆ పిల్ల ఇంకా చేతులు వెనక్కి పెట్టుకునే నిలబడి ఉంది.

"ఏదీ, నీ చేతులు చూపించమ్మా."

దెబ్బ పడుతుందనుకుని నూకాలు భయపడుతూ చాచింది. ఐదేళ్ళ పిల్ల అరచేతుల్లో కాయలు కాచి ఉన్నాయి. తాళ్ళు పేనేవాళ్ళకు కాచే చోటే, సరిగ్గా అక్కడే కాచాయి.

పంతులమ్మ దగ్గరకొచ్చి మెల్లగా చెప్పింది. "బడిలో చేరిన రెండో రోజే మార్చుకున్నారు. గున్నకు గుచ్చుకుంటోందని ఈ పిల్లే ఇచ్చింది. గుడ్డ ముడి మెత్తగా ఉంటుంది కదా."

"ఏడాది నుంచా? నాకెందుకు చెప్పలేదు?"

"నీ పనికి వంక పెడితే నొచ్చుకుంటావని." గున్న తడి జుట్టు తుడుస్తూ అంది. "ఊళ్ళో అందరికీ తెలుసు."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. పొరుగూరి రైతు ముందు పడ్డ సిగ్గు దీని ముందు ఏపాటిది! గుడ్డ మూర ఏమైందని ముసలమ్మ అడుగుతుంటే, తేలు కుట్టిన దొంగలా నోరు మెదపకుండా కూతుర్ని ఎత్తుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు బడి జరగలేదు.

మధ్యాహ్నం బొగ్గుల బట్టీ దగ్గరకు వెళ్ళాడు. గుమ్మం ముందు నిలబడితే నూకాలు తల్లి మసి చేతులు కొంగుకు తుడుచుకుంటూ గాభరాగా వచ్చింది.

"పాపకెలాగుంది బాబూ? నా ముడి తెగిపోయిందట కదా. సరిగ్గా పేనలేదు కావాల. తప్పు నాదే, ఏటీ అనుకోకు."

ఇక్కడ ఊరుకుంటే ఆయన బతికిపోయేవాడు. అబద్ధం ఆమే చేతికిచ్చింది, తీసుకుంటే చాలు. తీసుకోవాలని ఒక క్షణం అనిపించింది కూడా. ఆ అనిపించినందుకు ఆయనకు తన మీద తనకే రోత పుట్టింది.

"తెగలేదు అప్పా," అన్నాడు. ఆ ఊళ్ళో ఆమెను అక్క వరసపెట్టి పిలిచినవాళ్ళు అంతవరకు లేరు. "లాగి చూశాను, తెగలేదు. నేనే కోసి పొయ్యిలో పెట్టాను."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. లోపలికి వెళ్ళి ఒక గుడ్డ తెచ్చింది.

"ఇది నూకాలు ఉయ్యాల చీర," అంది. "సగం ఆ ముడికే పెట్టాను. సగమే మిగిలింది. ఇప్పుడు ఎవరి పిల్లకి కావాలి?"

"నా పిల్లకి."

ఆయన చెయ్యి చాచాడు. ఆమె గుడ్డ ఇవ్వలేదు.

"నీ చేతులు గరుకు. పాత గుడ్డ, చిరిగిపోతాది. ఆ కొస పట్టుకుని కూకో."

ఊరికి తాళ్ళు నేర్పినవాడు నేల మీద కూర్చుని కొస పట్టుకున్నాడు. ఆమె పీలికలు తడిపి, తొడ మీద పేనుతూ వచ్చింది. ఆయన కొస వదల్లేదు.

ఇంటికెళ్ళి ఆ మూరను పెద్ద తాడులో అతికించాడు. తర్వాత తన మూరను గడ్డి మంట మీద తిప్పి, పీచు కొసలన్నీ కాల్చాడు. బంగారు రంగు పోయి బూడిద రంగు వచ్చింది. ఆముదం రాసి, తన చెంప మీద రాసుకుని చూసి, మళ్ళీ కాల్చి, మళ్ళీ రాశాడు.

రెండు రోజులకు వాగు తగ్గింది. పంతులమ్మ నీళ్ళలోకి దిగి, "ఎవరి ముడి వాళ్ళు!" అని కేకేసింది. గున్నమ్మ గబగబా వెళ్ళి గుడ్డ ముడి పట్టుకుంది. పక్కన నూకాలు తన ముడి పట్టుకుని, వెంటనే వదిలేసింది. అరచెయ్యి చూసుకుంది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ వదిలేసింది. తర్వాత తాడు పొడుగునా ఒక్కో ముడీ తడుముకుంటూ ఆ చివరి దాకా వెళ్ళి వచ్చింది.

"పంతులమ్మా, నా ముడి లేదు," అంది ఏడుపు గొంతుతో. "గుచ్చేది నాది. అది ఎవరో తీసేశారు."

పిల్లలు పకపకా నవ్వారు. పంతులమ్మ కూడా నవ్వి తాళ్ళాయన వైపు చూసింది. అదే నీ ముడి తల్లీ అని చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు. ఆ పిల్ల కాయలు కాచిన అరచేతులు చూసి ఆగిపోయాడు.

నూకాలు తన ముడి కోసం వెతుకుతూనే ఉంది.